వాళ్ళ స్తంభం, మా హేండిలు

ఖరగ్‌పూర్,
14-8-1968.

పూజ్యురాలైన అప్ప అప్పలనర్సమ్మ పాదాలకు మొక్కి తమ్ముడు జగ్గారావు రాసుకునేది.

ఇక్కడ నేను, నీ మరదలు నూకాలమ్మ, నీ కోడలు వసంత ముగ్గురం పూటకింత తిని తిరుగుతున్నాం. దాన్నే క్షేమం అనుకో. వారం రోజులుగా ముసురు. బట్టలు ఆరక ఇల్లంతా వాసన. ఈ వానలకు నీ మోకాళ్ళ నొప్పి ఎక్కువైందో తగ్గిందో రాయించు.

నువ్వు చెబుతుంటే తవిటయ్య మేష్టారు రాసిన ఉత్తరం పోయిన మంగళవారం అందింది. రాత మేష్టారిదే గాని మాటలు నీవే. చదువుతుంటే నువ్వు ఎదురుగా కూర్చుని కసురుతున్నట్టే ఉంది. గార్డు చేత పంపిన తాటి తాండ్ర కూడా చేరింది. వసంత చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది, మిగతాది డబ్బాలో పెట్టి మూత వేసేసింది. ఏటా కొండ కోసమే కదా పంపేదానివి. వాడు పోయిన మూడు నెలలకు వచ్చిన తాండ్ర అది, ఎవరి గొంతు దిగుతుంది?

ఆఫీసు నుంచి నీకు వచ్చిన ఆ ఇంగ్లీషు కాగితం సంగతి అడిగావు. బొబ్బిలి వకీలు గుమస్తా నీకు సరిగ్గానే చదివి చెప్పాడు. ‘మృతుడు అప్పలకొండ అనుమతి లేకుండా స్తంభం ఎక్కినందున ఆఫీసుకు బాధ్యత లేదు’ అనే ఉంది అందులో. ‘నా కొడుకు దొంగేటి, అనుమతి నేకుండా ఎక్కడానికి? ఆడు సిన్నప్పుడు పక్కింటి జామకాయ కూడా అడిగే కోసీవోడు’ అని రాయించావు. ఆ రెండు వాక్యాల దగ్గర నాకు చదువు సాగలేదు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, మర్నాడు మళ్ళీ తీశాను.

ఇది నీకు అర్థం కావాలంటే ఆ లైను పుట్టుక నుంచీ చెప్పాలి. కాస్త పొడుగు కథ. మేష్టారికి ఓ గ్లాసు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టు.

ఇక్కడ రైల్వేలో పనిచేసే మన వాళ్ళు రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి కదా. చాలామంది రైల్వే కంచె దాటి తాల్‌బగీచాలో ఇంత నేల చూసుకుని ఇళ్ళు కట్టుకున్నారు. కంచెకు ఇవతల ప్రతి క్వార్టరులో దీపం, ఫేను. అవతల లాంతరు. ముప్పై ఏళ్ళు ఇంజన్లు బాగుచేసినవాడు చివరికి లాంతరు కింద కూర్చుని మనవడికి లెక్కలు చెబుతాడు. అక్కడికి కరెంటు తేవాలంటే లైను పూరీ గేట్ వెనక రైల్వే నేల మీదుగా పోవాలి. ఎంతో కాదు, పదకొండు స్తంభాలు. ఆ పదకొండు స్తంభాల దగ్గరే వచ్చింది తగాదా.

రైల్వే ఢిల్లీది. ఊళ్ళకు కరెంటు ఇచ్చేది కలకత్తాలో ఉన్న రాష్ట్రం సర్కారు. ‘మా నేల మీద పాతిన ప్రతి కర్రా మా అదుపులో ఉండాలి, ఆ తీగల్లో కరెంటు పారాలో ఆగాలో మేం చెప్పాలి’ అని సెంటరు వాళ్ళు. ‘జనానికి కరెంటు ఇవ్వడం రాష్ట్రం పని, మా లైను మీద పరాయి చెయ్యి పడకూడదు’ అని స్టేటు వాళ్ళు. రెండేళ్ళు ఆ స్తంభాలు తీగ లేకుండా నిలబడ్డాయి. గేదెలు వాటికి వీపు గోక్కునేవి. నెలకోసారి అటు నుంచి ఒక జీపు, ఇటు నుంచి ఒక జీపు వచ్చేవి. టేపు పట్టి కొలిచేవారు, ఎవరి టీ వాళ్ళు తాగేవారు, వెళ్ళిపోయేవారు. చివరికి ఎక్కడో పెద్ద ఊళ్ళో కూర్చుని రాజీ చేసుకున్నారు. స్తంభాలు, తీగలు స్టేటు వాళ్ళవి. కరెంటు ఆపి వదిలే హేండిలు మాత్రం సెంటరు వాళ్ళది. కంచె పక్క ఒక చిన్న ఒంటిగది, గుమ్టీ అంటారు, అందులో ఆ హేండిలు బిగించారు. దాని మీద డ్యూటీ నాకు వేశారు.

అంటే ఏమిటో తెలిసిందా అప్పా? స్తంభం ఎక్కేవాడు ఒక సర్కారు మనిషి. వాడు పట్టుకునే తీగలో ప్రాణం ఉందో లేదో చూసే చెయ్యి ఇంకో సర్కారుది. ఎక్కేవాడు నీ కొడుకు. చెయ్యి నాది.

వాణ్ణి రైల్వేలో పెట్టిస్తానని నేనే కదా ఊరి నుంచి తీసుకొచ్చాను. ఆ ఏడు రైల్వే తలుపులు మూసేసింది. వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి స్టేటు వాళ్ళ దగ్గర లైన్‌మేన్ పని చూశాను. వసంతను ఇచ్చి చేశాక మా ఇంట్లో మామ సెంటరు, అల్లుడు స్టేటు అని బజారంతా వేళాకోళం. కంచాల దగ్గర వాడు కూడా ఊరుకునేవాడు కాదు. ‘మావా, ఢిల్లీ వోళ్ళు ఆ పులుసు గిన్ని ఇటు తొయ్యండి. కలకత్తా వోళ్ళ కంచం ఎండిపోనాది’ అనేవాడు. నూకాలమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకునేది.

లైను మీద పని పడితే కాగితం రావాలని రూలు. స్టేటు చిన్నాఫీసు వాళ్ళ పెద్దాఫీసుకు రాయాలి, అది మా పెద్దాఫీసుకు, అది మా కరెంటు ఆఫీసుకు, అక్కడి నుంచి నాకు. ఎంత పరిగెత్తినా నాలుగు రోజులు. గాలివానకు తెగిన తీగ నాలుగు రోజులు ఆగుతుందా? అందుకని కొండే ఒక పద్ధతి పెట్టాడు. స్తంభం ఎక్కేటప్పుడు కాళ్ళకు చెప్పులు ఎలాగూ ఉండకూడదు. అవి తెచ్చి గుమ్టీలో మూల విడిచేవాడు. ‘మావా, సెప్పులు ఇక్కడున్నంత సేపూ నేను పైనున్నట్టు. నేను వొచ్చి కాళ్ళకి ఎట్టుకునీదాకా హేండిలు ముట్టుకోకు’ అన్నాడు. మిగతా లైన్‌మేన్లూ అదే పట్టుకున్నారు. రెండేళ్ళు ఒక్క కాగితం లేకుండా చెప్పుల మీద నడిచింది ఆ లైను. రెండు ఆఫీసుల వాళ్ళకూ తెలుసు. పని అవుతోంది కదా అని చూడనట్టు ఊరుకున్నారు.

ఇక వసంత సంగతి అడిగావు. ‘ఆ పొద్దున్న మొగుడూ పెళ్ళాం తగువాడుకున్నారా? నిజం సెప్పు తమ్ముడూ. అంత జాగరత్త గుంటడు పారుతున్న కరెంటుని ఎందుకు ముట్టుకుంటాడు, మనసు ఇరిగిపోతే తప్ప? ఆ గుంట పాదం మంచిది కాదని పోలమ్మా వోళ్ళు నా మొకం మీదే అంటన్నారు. నాకూ అనుమానం తగుల్తన్నాది’ అని రాయించావు.

అప్పా, ఈ ఉత్తరం వచ్చినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. విప్పి చదివింది వసంతే.

నేను ఇంటికి వచ్చేసరికి చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతోంది. ఉత్తరం నా చేతికిచ్చి, ‘తగువేటీ నేదు నాన్నా. చొక్కా గుండీ ఊడిపోనాది, కుట్టమన్నాడు. సాయంత్రం కుడతాను, ఇప్పుడు కేరేజీ సర్దుకోనీ బావా అన్నాను. ఇసుక్కున్నానేటో. నాకు గుర్తు రాడం నేదు. ఆ మాటే మనసులో ఎట్టుకున్నాడేటి? అత్త అన్నాదంటే అబద్ధం కాదేమో నాన్నా’ అంది.

మూడు నెలలుగా నేను దిగమింగుకున్నది ఆ మాటతో పైకి వచ్చేసింది. నీ పెంపకం మీద, నీ కొడుకు మీద వేసిన నింద చాలక, ఆ పిల్ల తన మెడకు తానే ఇంకోటి కట్టుకుంటోంది. గుండీ కుట్టకపోవడం వల్ల మొగుడు పోయాడని అనుకుంటోంది.

తవిటయ్య మేష్టారూ, మీకో మనవి. నా ఉత్తరాలు మీరు అప్ప ఇంటి అరుగు మీద చదువుతారని, చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటారని నాకు తెలుసు. ఇక్కడి నుంచి గొంతు తగ్గించకండి. పోలమ్మ లేకపోతే కబురు పెట్టి పిలిపించండి. ఒక్క మాట కూడా దాటేయకుండా, మెత్తబరచకుండా చదవండి.

అప్పా, నీ కొడుకు అనుమతి లేకుండా ఎక్కలేదు. పొద్దున్న తొమ్మిదింటికి గుమ్టీకి వచ్చాడు. ఏడో స్తంభం మీద తీగను మోసే పింగాణీ కప్పు పగిలింది, మార్చాలి అన్నాడు. చెప్పులు మూల విడిచాడు. నేను హేండిలు దించి కరెంటు ఆపాను. పని సగమయ్యేసరికి మధ్యాహ్నమైంది. అన్నానికి గుమ్టీకే వచ్చాడు. వసంత మా ఇద్దరికీ ఒకే కేరేజీ పంపేది. ఆ వేళ చింతచిగురు పప్పు. వాడు రెండుసార్లు వేసుకున్నాడు, కేరేజీ గిన్నెలు వాడే కడిగాడు. చొక్కాకు గుండీ లేకపోతే గాలి బాగా ఆడుతోందని నవ్వాడు. ఆ నవ్వు నేను కళ్ళారా చూశాను. మనసు విరిగినవాడి నవ్వు కాదది.

వైశాఖం ఎండ. గుమ్టీ చుట్టూ ఇంజను బూడిద పోసిన నేల. వాడు గడప దాటి రెండడుగులు వేసి, కాళ్ళు కాలి ఎగిరి మళ్ళీ లోపలికి వచ్చాడు. నాకు ప్రాణం ఒప్పలేదు.

‘ఒరే కొండా, కాళ్ళు బొబ్బలెక్కిపోతాయి. సెప్పులు ఏసుకుని ఎల్లు. స్తంభం కాడ ఇడుద్దువుగాని’ అన్నాను.

‘మరి గుర్తు, మావా?’ అన్నాడు.

‘గుర్తుకి నేనున్నాను గదేటిరా? అల్లుడు పైనున్నాడని మర్సిపోతానేటి?’ అన్నాను.

వాడు నా మాట మీద చెప్పులు వేసుకుని వెళ్ళాడు.

తిన్న అన్నం, ఎండ, గోడకు ఆనుకున్నాను. కన్ను మూతపడింది. పావుగంటో అరగంటో నాకు తెలియదు. టెలిఫోను మోగింది. మా పెద్ద ఇన్‌చార్జి. స్టేటు వాళ్ళ పెద్దమనిషెవరో తాల్‌బగీచాలో నీళ్ళ పంపు చూడ్డానికి వచ్చాడట, కరెంటు లేదని గోల చేస్తున్నాడట, పని అయిందా లేదా అని అడిగాడు. నా కన్ను దానంతటదే మూలకు పోయింది. రెండేళ్ళ అలవాటు. మూల ఖాళీగా ఉంది. ‘ఐపోయింది సార్’ అన్నాను. లేచి హేండిలు ఎత్తాను.

నా నోటితో అన్న మాట నేనే మర్చిపోయాను అప్పా. కాగితం మర్చిపోతే రూలు తప్పాననేవారు. నేను మనిషిని మర్చిపోయాను.

పూరీ గేట్ వైపు నుంచి కేకలు వినిపించాక గాని నాకు తెలియలేదు. హేండిలు దించి పరిగెత్తాను. ఏడో స్తంభం కింద చెప్పులు జతగా పెట్టి ఉన్నాయి. పైన వాడు బెల్టుకు వేలాడుతున్నాడు. దింపడానికి నిచ్చెన తెచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా అల్లుడు, మా అల్లుడు అని అందరితో పాటు నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు దొంగది కాదు. కాని అందులో ఒక మాట దాచుకుని ఏడ్చాను.

మర్నాడు ఇన్‌చార్జి పిలిచి, ‘కాగజ్ ఆయా థా?’ అన్నాడు, కాగితం వచ్చిందా అని. రాలేదన్నాను. చెప్పుల సంగతి ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. తలుపు చేరవేసి, నిజం చెబితే పిల్లాడు తిరిగి రాడు, నీ కూతురు మాత్రం నీ ఇంటికే రావాలి, నీ ఉద్యోగం పోతే ఆ ఇల్లు కూడా ఉండదు, దాన్ని ఎక్కడ పెట్టుకుంటావు అన్నాడు. చెడ్డవాడు కాదు. నా మేలు కోరే అన్నాడనుకుంటాను. ఎంక్వయిరీలో కూడా నేను అదే ఒక్క ముక్క చెప్పాను, కాగితం రాలేదు అని. అది అబద్ధం కాదు కదా అని మూడు నెలలు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అబద్ధమే. నిజాన్ని ముక్క కోసి ఇస్తే అది అబద్ధమే.

కాగితం రాలేదు కాబట్టి లైను ఆపమని ఎవరూ అడగలేదని సెంటరు వాళ్ళు రాశారు. కాగితం లేకుండా ఎక్కమని మేమూ చెప్పలేదని స్టేటు వాళ్ళు రాశారు. రెండేళ్ళు పదకొండు స్తంభాల కోసం కొట్టుకున్న రెండు సర్కార్లు, మొదటిసారి ఒక్క మాట మీదికి వచ్చాయి. తప్పు పోయినవాడిది అన్నాయి. దానికి సాయం పట్టింది నేను.

ఇప్పుడు మళ్ళీ రెండు పక్షాలూ కలిసి కూర్చుంటున్నాయి, సెప్టెంబరు తొమ్మిదిన, ఇక్కడే మా పెద్దాఫీసు మేడ మీద. నీ కొడుకు కోసం కాదు. హేండిలు ఎవరి చేతిలో ఉండాలో తేల్చుకోవడానికి. హేండిలు మా దగ్గరుంటే మా మనిషి చచ్చేవాడా అని స్టేటు వాళ్ళు అంటారు. మీ వాళ్ళు అడక్కుండా ఎక్కుతారు కాబట్టే మా దగ్గరుండాలని సెంటరు వాళ్ళు అంటారు. వాడి పేరు పట్టుకుని చెరో పక్కా లాగుతారు. వాడు పైన ఉండగా ఏం జరిగిందో మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

నిన్న నేను జరిగిందంతా రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఒక కాపీ మా ఆఫీసుకు, ఒకటి స్టేటు వాళ్ళకు. ఒక్కరికే ఇస్తే మడిచి పెట్టేస్తారని రెండు రాశాను. ఇన్‌చార్జి చదివి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ‘జగ్గారావు, ఇది ఇస్తే నీ పని అయిపోతుంది’ అన్నాడు. ‘అవనీయండి దాదా’ అన్నాను. ఇన్నేళ్ళలో ఆయన్ని సార్ అనకపోవడం అదే మొదలు.

ఆఫీసుకు ఇవ్వబోయే ముందు ఇంట్లో చెప్పాను. నూకాలమ్మ పొయ్యి దగ్గర కూలబడిపోయింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, క్వార్టరు పోతే తాల్‌బగీచాలో ఒక గది చూసుకుందాం, కాని ఆ లైను దీపం నా ఇంట్లో వెలగకూడదు, లాంతరు చాలు అంది. 

‘అయితే బావ కోపంగా ఎల్లనేదన్నమాట’ అంది వసంత.

‘నేదమ్మా. నవ్వుకుంటా ఎల్లినాడు’ అన్నాను.

అప్పుడు ఏడ్చింది. వాడు పోయినప్పటి నుంచీ గొంతెత్తి ఏడవని పిల్ల, పక్క క్వార్టర్ల వాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడేలా ఏడ్చింది. తర్వాత లేచి ముఖం కడుక్కుని అన్నం పెట్టింది. కంచం నా ముందుకు జరిపింది గాని, నాన్నా అని పిలవలేదు. ఇవాళ పొద్దున్న కూడా పిలవలేదు. టీ గ్లాసు కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది. నేను అడగను. అడిగే ముఖం లేదు.

నిన్ను క్షమించమని కూడా అడగను అప్పా. అమ్మ పోయాక నాకు తల దువ్వి బడికి పంపినదానివి. నీ ఒక్క కొడుకును నా చేతిలో పెట్టావు. ఎవరి మీద ఏడవాలో తెలియక ఇన్నాళ్ళూ ఆ పిల్ల మీద ఏడ్చావు. ఇప్పుడు తెలిసింది కదా. దాని పాదానికి ఏ దోషమూ లేదు. ఆ మాట పోలమ్మ వాళ్ళకు నువ్వే చెప్పు. ఇంక ఏ శాపం పెట్టినా నా పేరు మీద పెట్టు.

ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. తొమ్మిదో తారీకుకు నువ్వు ఇక్కడికి రా. మేష్టారిని తోడు రమ్మను. అప్పలకొండ లైను ఆపించుకునే ఎక్కాడని నేను రాసిచ్చింది ఆ గదిలో అందరి ముందూ చదువుతారు. అది వినడానికి వాడి తల్లి అక్కడ ఉండాలి. నేను నిలబడి ఒప్పుకుంటుంటే నువ్వు నా వైపు చూడనక్కర్లేదు. ముందు బెంచీ మీద వసంత పక్కన కూర్చుంటే చాలు.

ఇక్కడ ప్లాట్‌ఫారం చాలా పొడుగు. బండి దిగిన చోటే నిలబడు, ఎటూ కదలకు. వసంత వెతుక్కుంటూ వస్తుంది. నేను రాను. అది నీ ముందుకు వచ్చి నిలబడి, నువ్వేం అంటావో అని భయపడుతూ ఉంటుంది. అది నోరు తెరిచేలోగా నువ్వే దగ్గరికి తీసుకో.

ఇట్లు,
నీ కోడలి తండ్రి,
జగ్గారావు.